రక్తనాళాల వాపు కంటిదాకా వస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే జబ్బు చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే వాటినే ఒకచోట చేర్చాను. వాస్కులైటిస్ అనే మాట చాలామంది మొదటిసారి చూసేది తమ రిపోర్టులోనే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి మన సొంత రక్తనాళాల గోడల మీదే పడుతుంది. గోడ వాచి లోపలి దారి ఇరుకవుతుంది, లేదంటే గోడ బలహీనపడి కారడం మొదలవుతుంది. ఒంట్లో ఎక్కడైనా జరగొచ్చు గానీ కంట్లోని నాళాలు మరీ సన్నవి, వాటికి రక్తం ఆగితే తట్టుకునే టైమ్ చాలా తక్కువ. రాసినవాళ్ల పేర్లూ వివరాలూ తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 68 ఏళ్లు. మూడు వారాలుగా కుడి కణత దగ్గర తలనొప్పి. దువ్వెన తగిలితే చాలు, అబ్బా అంటోంది. భోజనం చేస్తూ నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ లాగేస్తోందని ఆపేస్తుంది, కాసేపాగితే మళ్లీ తింటుంది. పళ్ల డాక్టర్ చూసి పళ్లు బాగానే ఉన్నాయన్నారు. నిన్న పొద్దున కుడికంటి ముందు ఎవరో తెర దించినట్టు చీకటైపోయి, ఐదు నిమిషాల్లో మళ్లీ మామూలైంది. వచ్చే వారం కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. అప్పటిదాకా ఆగొచ్చా?

జవాబు: ఆగకూడదమ్మా. మీ ఉత్తరం చదివిన గంటలోనే మీకు ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. ఇక్కడ రాస్తున్నది ఇదే పరిస్థితిలో ఉండి ఇంకా ఎవరినీ అడగనివాళ్ల కోసం.

50 దాటినవాళ్లకి కొత్తగా తలనొప్పి మొదలై, తల మీద చర్మం ముట్టుకుంటేనే నొప్పి పుడుతూ, నమిలేకొద్దీ దవడ అలిసిపోతోందంటే జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనే జబ్బు ముందు గుర్తుకు రావాలి. ఎక్కువగా 70ల్లో ఉన్నవాళ్లలో చూస్తాం, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. దవడ సంగతి మాత్రం బాగా గమనించండి. పంటినొప్పయితే కొరికిన క్షణమే జివ్వుమంటుంది. ఇందులో మొదటి రెండు ముద్దలు బాగానే వెళ్తాయి, తర్వాత నమిలే కండరానికి రక్తం చాలక లాగేస్తుంది, ఆపితే సర్దుకుంటుంది. మెట్లెక్కితే గుండెల్లో పట్టేసి, నిలబడితే తగ్గే మనిషికి గుండెలో ఏం జరుగుతుందో మీ అమ్మగారికి దవడలో అదే జరుగుతోంది. కొందరికి దీంతోపాటు పొద్దున లేచేసరికి భుజాలు, తొడలు బిగుసుకుపోయి చేతులు పైకెత్తలేకపోవడం, సన్నటి జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటాయి, వయసు మీద పడిందిలే అని అవన్నీ పక్కన పెట్టేస్తారు.

ఇక కన్ను. చూపు పోయి ఐదు నిమిషాల్లో వచ్చేసింది కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. దాన్ని హెచ్చరిక అనుకోవాలి. కంటి నరం మొదట్లో దానికి రక్తం తెచ్చే చిన్న చిన్న ధమనులు ఉంటాయి, ఈ జబ్బులో వాటి గోడ లోపలివైపుకి మందమవుతూ వస్తుంది. ఇంకా సన్నటి దారి మిగిలి ఉన్నంతకాలం చూపు పోతూ వస్తూ ఉంటుంది. కన్ను తిప్పే కండరాలకి రక్తం చాలకపోతే ఒకటి రెండుగా కూడా కనిపించొచ్చు. దారి పూర్తిగా మూసుకుపోయిన రోజున నరం చచ్చుబడిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా ఆ చూపు తిరిగి రావడం బహు అరుదు. మందు పడకపోతే కొద్దిరోజుల్లోనో వారాల్లోనో రెండో కన్నూ అదే దారి పట్టొచ్చు.

నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పెద్దావిడకి ఇలాగే రెండుసార్లు తెర దిగి లేచింది. ఇంట్లోవాళ్లు బయాప్సీ (కణత దగ్గరి ధమని ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టు వచ్చాకే స్టెరాయిడ్ మొదలుపెడదామన్నారు, అక్కడ చూస్తున్నవాళ్లూ సరేనన్నారు. నాలుగో రోజు పొద్దున ఆవిడ లేచి ఇంకా తెల్లారలేదా అని అడిగింది. అప్పటికి కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేసింది. రిపోర్టు ఆ సాయంత్రం వచ్చింది. అప్పటినుంచి ఈ ఒక్క మాట ఎవరికైనా పదిసార్లయినా చెప్తాను: అనుమానం గట్టిగా ఉంటే మందు ముందు, పరీక్షలు తర్వాత. స్టెరాయిడ్ పడినా కణత దగ్గరి ధమని ముక్కలో జబ్బు ఆనవాళ్లు కనీసం రెండు వారాలపాటు దొరుకుతాయి, కాబట్టి మందు ముందే ఇస్తే రిపోర్టు చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌లో కనిపించే గుర్తులు ఇంకా తొందరగా చెరిగిపోతాయి, అందుకే దాన్ని వీలైనంత త్వరగా చేస్తారు.

చూపుకి ఇబ్బంది కనిపిస్తే మామూలుగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము వరకు మూడు రోజులు నరం ద్వారా ఎక్కిస్తారు, తర్వాత మాత్రలు. ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చాలామందిలో బాగా పెరిగి ఉంటాయి, ప్లేట్‌లెట్లు కూడా పెరగొచ్చు. కొద్దిమందిలో ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది. నంబరు బాగుందని లక్షణాలను కొట్టిపారేయకూడదు. అపాయింట్‌మెంట్ ఎప్పుడని చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, "తలనొప్పి, దవడ నొప్పి, ఐదు నిమిషాలు చూపు పోయింది, వయసు 68" అని ఈ నాలుగూ ఒకే ఊపిరిలో చెప్పండి. విడివిడిగా చెప్తే తలనొప్పిని ఒకరు, దవడని ఒకరు, కంటిని ఒకరు చూస్తారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎడమకన్ను ఎర్రబడి నెలన్నర అయింది. కళ్లకలక అనుకుని షాపులో అడిగి మూడు రకాల చుక్కలు వేశాను. పుసి లేదు, నీరు కారుతుంది, నొప్పి మాత్రం లోపల ఎవరో బరమాతో తొలిచినట్టు ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి లేపేస్తోంది. ఇప్పుడు చూస్తున్న కంటి డాక్టర్ మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఆంకా అనే రక్తపరీక్ష రాశారు. కంటికీ మూత్రానికీ సంబంధం ఏంటి సార్? అనవసరంగా టెస్టులు రాశారేమోనని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: మీ డాక్టర్ చాలా మంచి పని చేశారు, మీ ఫ్రెండ్ మాట పక్కన పెట్టి ఆ మూడూ ఈ వారంలోనే చేయించుకోండి.

కళ్లకలకలో కన్ను గరగరలాడుతుంది, పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి, కానీ నిద్ర చెడగొట్టేంత నొప్పి ఉండదు. మీరు చెప్పేది స్క్లిరైటిస్‌లా ఉంది, అంటే తెల్లగుడ్డు గోడలోనే వాపు. దీని నొప్పి లోతుగా ఉంటుంది, నుదుటికీ కణతకీ దవడకీ పాకుతుంది, కన్ను తిప్పినా ఒత్తినా ఎక్కువవుతుంది. ఎరుపు రంగులో కూడా తేడా ఉంది. దీన్ని లైటు కింద కన్నా పగటి వెలుగులో చూస్తేనే బాగా తెలుస్తుంది. పేషెంటుని కిటికీ దగ్గర నిలబెట్టి, కిందికి చూడమని పైరెప్ప మెల్లగా ఎత్తితే, కళ్లకలక ఎరుపు తాజాగా, మెరుస్తున్నట్టు ఉంటుంది, స్క్లిరైటిస్‌ది కాస్త ఊదా కలిసిన ముదురు ఎరుపు. ఆ తర్వాత ఫినైల్‌ఎఫ్రిన్ చుక్క వేసి కాసేపాగి మళ్లీ చూస్తాం. పైపై నాళాలైతే ముడుచుకుని తెల్లబడిపోతాయి, లోతు నాళాలు అలాగే ఎర్రగా నిలబడి ఉంటాయి. ఎరుపు మధ్యలో ఎక్కడైనా నీలంగానో బూడిదరంగుగానో కనిపిస్తే గోడ పలచబడి లోపలి పొర కనిపిస్తోందని అర్థం, అప్పుడు ఇంక ఆలస్యం చేసేది లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. స్క్లిరైటిస్ వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు నుంచి సగం మందికి ఒంట్లో ఇంకో జబ్బు ఉంటుంది. అందరికన్నా ఎక్కువగా కనిపించేది రుమటాయిడ్ కీళ్లవాతం. రక్తనాళాల వాపు జబ్బుల్లో అయితే గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్, పొట్టిగా జీపీఏ, పాత రిపోర్టుల్లో వెజెనర్ అనే పేరుతో ఉంటుంది. ఇది ముక్కు, సైనస్‌లు, ఊపిరితిత్తులు, కిడ్నీలు, కళ్లు అన్నిటినీ పట్టుకోగలదు. కిడ్నీని పట్టుకున్నప్పుడు నొప్పి ఉండదు, వాపు రావడానికి కూడా టైమ్ పడుతుంది. మూత్రంలో కంటికి కనిపించనంత రక్తం, కొంచెం ప్రోటీన్ పోతూ ఉంటాయి, అంతే. కిడ్నీల్లో మొదలైన నష్టాన్ని ఆ చిన్న మూత్రపరీక్ష అందరికన్నా ముందు పట్టిస్తుంది. కంటి డాక్టర్ మూత్రపరీక్ష రాయడం వల్ల కిడ్నీలు దక్కినవాళ్లని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు గుర్తు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముక్కులోంచి తరచూ రక్తం వస్తోందా, ముక్కు లోపల పక్కులు కడుతున్నాయా, ఎన్ని మందులు వాడినా వదలని సైనస్ ఉందా, దగ్గులో రక్తపు జీర పడిందా, చెవి మూసుకుపోయినట్టు ఉందా, కన్ను కొంచెం ముందుకు వచ్చినట్టు ఎవరైనా అన్నారా, కన్నీటి గొట్టం మూసుకుపోయి నీరు బయటికి కారుతోందా. ఇవేవీ కంటికి సంబంధం లేనివని చెప్పకుండా వదిలేస్తారు. అన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఆంకా నెగెటివ్ వచ్చినంత మాత్రాన జీపీఏ లేదని తేలిపోదు, జబ్బు ముక్కుకో కంటికో పరిమితమైనప్పుడు కొందరిలో అది నెగెటివ్‌గానే ఉంటుంది.

చుక్కలతో ఇది తగ్గదు. తేలిక రకానికి నొప్పి, వాపు తగ్గించే మాత్రలు చాలు, గట్టి రకానికి స్టెరాయిడ్ మాత్రలు, వెనక జీపీఏ ఉంటే రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ గానీ సైక్లోఫాస్ఫమైడ్ గానీ అవసరమవుతాయి. పిల్లలు కావాలనుకునే వయసు కాబట్టి సైక్లోఫాస్ఫమైడ్ మాట వస్తే సంతానం మీద దాని ప్రభావం గురించి మొదలుపెట్టకముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు. నల్లగుడ్డు అంచున అర్ధచంద్రంలా తెల్లటి గుంట పడి, వెలుగు చూడలేక కన్ను తెరవలేకపోతే మాత్రం అదే రోజు వెళ్లాలి. ఆ అంచు పలచబడి చిల్లు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా మూడేళ్ల బాబుకి ఆరు రోజులుగా జ్వరం దిగడం లేదు. రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. పెదాలు పగిలాయి. కళ్లకలక చుక్కలు వేస్తున్నాం. ఇంకేమైనా వేయాలా?

జవాబు: చుక్కల సంగతి తర్వాత, ఈ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఐదు రోజులు దాటిన జ్వరం, పుసి లేకుండా రెండు కళ్లూ ఎర్రబడటం, పగిలిన ఎర్రటి పెదాలు అన్నీ కలిపి చూస్తే కవాసాకి జబ్బు గుర్తుకొస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, అరచేతులూ పాదాలూ వాయడం, నాలుక ఎర్రబడి బొడిపెలు తేలడం, మెడలో బిళ్ల కట్టడం కూడా ఉన్నాయేమో చూడండి. 1967లో జపాన్ పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి మొదట వివరించిన ఈ జబ్బులో కళ్లు దాదాపుగా వాటంతట అవే బాగుపడతాయి. అసలు భయం గుండె ధమనులకి, అవి ఉబ్బిపోతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ నరానికి ఎక్కిస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, మీ బాబుకి ఆరు రోజులు అయిపోయాయి. గుండెని చూసే ఎకో పరీక్ష కూడా చేస్తారు.

ప్రశ్న: నాకు 27. నోటిపూత చిన్నప్పటినుంచీ ఉంది, ఏడాదికి ఐదారుసార్లు వస్తుంది. రెండేళ్లుగా కళ్లు ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మసకబారి, చుక్కలు వేస్తే తగ్గుతున్నాయి. బెచెట్ అన్నారు. మాత్రలు ఇచ్చారు, బాగున్నప్పుడు వేసుకోవడం ఎందుకని మధ్యలో ఆపేశాను. ఈసారి మసక తగ్గినా మునుపటంత స్పష్టంగా లేదు. చుక్కలు మారిస్తే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, నిన్ను కోప్పడటానికి కాదు గానీ, ఆ చివరి వాక్యానికి ముందు వాక్యం చూసి నాకు బాధేసింది. "మునుపటంత స్పష్టంగా లేదు" అన్నావు. బెచెట్‌లో చూపు పోయేది ఇలాగే, ఒక్కరోజులో పోదు, వచ్చిన ప్రతిసారీ కొంత తీసుకుని వెళ్తుంది.

1937లో టర్కీ చర్మవైద్యుడు హులుసి బెచెట్ నోటిపూత, మర్మాంగాల మీద పుండ్లు, కంటి వాపు, ఈ మూడూ ఒకే జబ్బని గుర్తించాడు. మధ్యధరా తీరం నుంచి తూర్పు ఆసియా దాకా ఉన్న దేశాల్లో ఎక్కువ. కుర్రవాళ్లలో, అందులోనూ మగవాళ్లలో కంటిని గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కోసారి నల్లగుడ్డు వెనక తెల్లటి చీము పొర కింద పేరుకుని కనిపిస్తుంది, తల వంచితే అది కూడా పక్కకి జారుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ నన్ను ఎక్కువ భయపెట్టేది అది కాదు, ముందుభాగం వాపు తొందరగానే తగ్గుతుంది. వెనక రెటీనా (కంటి లోపలి వెనక పొర) మీద రక్తనాళాలు వాచి మూసుకుపోయేటప్పుడు కన్ను ఎర్రబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. నల్లటి చుక్కలు తేలడం, పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉండటం, అంతే. చుక్కల మందు కంటి ముందుభాగం దాటి అంత లోతుకి చాలినంత చేరదు, ఎన్నిసార్లు మార్చినా అంతే.

అందుకే మాత్రలు కన్ను బాగున్న రోజుల కోసమే. అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ పాతకాలం నుంచీ వాడుతున్నవి, రెటీనా దెబ్బతింటుంటే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తారు. అవి మొదలుపెట్టేముందు క్షయ, హెపటైటిస్ బి లేవని తేల్చుకోవాలి, లోపల నిద్రపోతున్న క్షయ ఆ ఇంజెక్షన్లతో లేచి కూర్చుంటుంది. అసలు క్షయ, సిఫిలిస్ కూడా రెటీనా నాళాల్లో అచ్చం ఇలాంటి వాపునే తెస్తాయి కాబట్టి అవి కావని చూసుకోకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందు ఎవరూ ఇవ్వకూడదు. ఇంకొక సంగతి, మర్మాంగాల దగ్గర పుండు వస్తే సిగ్గుపడి దాచిపెట్టేవాళ్లు చాలామంది. డాక్టర్‌కి చెప్పు. మీలాంటివాళ్లలో జబ్బు పేరు తేలడానికి ఏళ్లు పట్టేది ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే.

ఈ వారమే వెళ్లు. ఎన్ని రోజులు మాత్రలు మానేశావో ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ప్రశ్న: రెటీనా నాళాల్లో వాపు ఉందేమో చూడటానికి ఫ్లోరసీన్ యాంజియోగ్రఫీ చేస్తామన్నారు. యాంజియోగ్రామ్ అంటే గుండెకి చేసేదే కదా, కంట్లోకి సూది గుచ్చుతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంట్లో సూది గుచ్చరు. సూది చేతి నరానికే. ముందు చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేస్తారు, కెమెరా ముందు గడ్డం ఆనించి కూర్చుంటారు, చేతిలోకి పసుపు నారింజ రంగు మందు ఎక్కిస్తారు. పది పదిహేను సెకన్లలో ఆ రంగు కంటికి చేరుతుంది, నీలిరంగు ఫ్లాష్ వరసగా మెరుస్తూ ఫొటోలు తీస్తూనే ఉంటుంది. బాగున్న నాళంలో రంగు కాలువలో నీళ్లలా గట్టు దాటకుండా వెళ్తుంది, వాచిన నాళం పక్కన గోడకి చెమ్మ పట్టినట్టు రంగు ఊరి అలుక్కుపోతుంది, మూసుకుపోయిన చోట అసలు వెలుగే ఉండదు. మామూలుగా చూస్తే బాగానే ఉన్న కంట్లో కూడా ఈ చెమ్మ దొరుకుతుంది, ఈ పరీక్ష విలువంతా అక్కడే ఉంది.

కొందరికి ఒక నిమిషం కడుపులో తిప్పుతుంది. కొన్ని గంటలు ఒళ్లు పచ్చగా, ఒక రోజంతా మూత్రం ముదురు పసుపుగా ఉంటాయి, కంగారుపడకండి. సీటీ స్కాన్‌లో వాడే అయోడిన్ మందు ఇది కాదు. గట్టి ఎలర్జీ చాలా అరుదు, అయినా ఇదివరకు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చినా, ఆస్తమా ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. పాప పెద్దదై ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు బండి నడపొద్దు.

ప్రశ్న: నా వయసు 24. లేచి నిలబడితే కళ్లు మసకబారుతున్నాయని వెళ్తే, కంటి డాక్టర్ నా ఎడమచేతి నాడి చూసి, దొరకడం లేదని కీళ్లు, రోగనిరోధక జబ్బులు చూసే రుమటాలజిస్ట్ దగ్గరికి పంపారు. కంటికి వచ్చిన ఇబ్బందికి నాడి ఎందుకు చూశారు?

జవాబు: ఎందుకంటే ఈ జబ్బుని మొదట చూసింది కూడా ఒక కంటి డాక్టరే. 1908లో జపాన్‌లో మికితో తకయాసు అనే కంటి వైద్యుడు ఒక యువతి కంట్లో నరం చుట్టూ రక్తనాళాలు దండలా అల్లుకుని ఉన్నాయని ఒక సమావేశంలో చెప్తే, అక్కడే ఉన్న మరో ఇద్దరు వైద్యులు తమ పేషెంట్లకీ ఇలాంటి కళ్లే ఉన్నాయని, వాళ్లకి మణికట్టు దగ్గర నాడి దొరకడం లేదని అన్నారట. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనులు వాచి ఇరుకైపోవడమే తకయాసు ఆర్టరైటిస్. ఎక్కువగా 40 లోపు ఆడవాళ్లకి వస్తుంది. మెడలోంచి తలకి వెళ్లే నాళాలు ఇరుకైతే లేచి నిలబడినప్పుడు కంటికి రక్తం చాలదు, అదే మీకు మసక.

మీకు గట్టిగా చెప్పాల్సింది బీపీ గురించి. నాడి దొరకని చేతికి బీపీ చూస్తే తక్కువగా వస్తుంది, దాన్ని నమ్మొద్దు. కిడ్నీ ధమని కూడా ఇరుకై ఉంటే అసలు బీపీ చాలా ఎక్కువ ఉండి, అది వేరేగా రెటీనాని దెబ్బతీస్తుంది. రెండు చేతులకీ, కాళ్లకీ చూడమనండి, ఏది ఎక్కువ ఉందో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న: కంటి వాపుకి మిథోట్రెక్సేట్ అనే, రోగనిరోధక శక్తిని అణిచే మాత్ర వారానికి ఒకసారి రాశారు. మిగతా మాత్రలన్నీ రోజూ కదా, ఇదీ రోజూ వేసుకుంటే తొందరగా తగ్గదా?

జవాబు: వద్దు. ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఒకే రోజు, ఏ రోజో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి. ఇప్పటికే అలా వేసుకుని ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసి ఉంటే అదీ మానొద్దు.

ప్రశ్న: స్టెరాయిడ్ వేసుకుంటే కళ్లు పోతాయని మా ఇంట్లో అందరూ అంటున్నారు. నాకేమో కంటి కోసమే స్టెరాయిడ్ ఇచ్చారు. నాలుగు నెలలైంది, ముఖం ఉబ్బింది. ఆపేద్దామనుకుంటున్నాను.

జవాబు: ఇంట్లోవాళ్ల భయంలో నిజం ఉంది, అందుకే కొట్టిపారేయను. ఎక్కువకాలం వాడితే కంటి కటకం వెనకవైపున శుక్లం వస్తుంది, ఎండలో, ఎదురుగా లైటు పడినప్పుడు చూపు తగ్గుతుంది. కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది, దానికి ఏ నొప్పీ ఉండదు, మెల్లగా నరాన్ని తినేస్తుంది. శుక్లాన్ని ఆపరేషన్‌తో తీయొచ్చు, ప్రెషర్‌ని చుక్కలతో అదుపులో పెట్టొచ్చు, కానీ వాపు వల్ల చచ్చిపోయిన రెటీనానీ నరాన్నీ తెచ్చిపెట్టే మందు లేదు. నేను స్టెరాయిడ్ వైపు నిలబడేది ఈ లెక్క చూసుకునే. మీరు చేయాల్సిందల్లా ప్రెషర్ ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో అడిగి, ఆ తేదీ తప్పకుండా వెళ్లడం.

ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు. బయటినుంచి వస్తోంది కదా అని ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేసి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. దాంతోపాటు కంటి వాపు కూడా రెట్టింపుతో తిరిగి రావొచ్చు. తగ్గించమని అడగండి, స్టెరాయిడ్ మోతాదు తగ్గడానికి వేరే మందు కలుపుతారు. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి రాశారో లేదో చూడండి. షుగర్ కూడా చూపించుకోండి, షుగర్ ఎక్కువ తక్కువలతో కటకం ఉబ్బి చూపు రోజుకోలా మారుతుంది. ఆ సమయంలో కొత్త కళ్లద్దాలు చేయించుకున్నవాళ్లు నెల తిరక్కుండానే అవి పనికిరావడం లేదని వస్తుంటారు.

ప్రశ్న: మా నాన్నగారికి 74. జెయింట్ సెల్ ఆర్టరైటిస్‌తో రెండు నెలల కిందట కుడిచూపు పూర్తిగా పోయింది. మందులు వాడుతున్నాం. ఆ కన్ను ఇక రాదా? ఆయన బయటికి అనడం లేదు గానీ, నీళ్లు పోసుకోబోయి పక్కన పోస్తే మమ్మల్ని చూసి తల దించుకుంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: రెండు నెలలు దాటాక ఆ కంటికి చూపు వస్తుందని నేను చెప్పలేనమ్మా. ఇప్పుడు వాడుతున్న మందులు రెండో కంటి కోసం, అందుకే ఒక్క పూట కూడా తప్పకూడదు. చికిత్స సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, స్టెరాయిడ్ తగ్గించడానికి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ పనికొస్తుందేమో అడగండి. మోతాదు తగ్గించేటప్పుడే జబ్బు తిరగబెట్టేది. తలనొప్పి, దవడ లాగడం, భుజాల బిగువు మళ్లీ కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. రోజూ పొద్దున గోడ మీది క్యాలెండర్‌ని ఒకే దూరం నుంచి ఎడమకంటితో చదవమనండి. అంకె చెరిగినట్టున్నా, కింద సగం నల్లగా ఉన్నా అది ఎమర్జెన్సీ.

నీళ్లు పక్కన పోయడం ఆయన తప్పు కాదు, ఆ మాట ఆయనకి ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. దూరం అంచనా వేయడానికి రెండు కళ్లూ కావాలి. ఒక కన్ను పోయాక మెదడు కొత్తగా నేర్చుకుంటుంది, నెలలు పడుతుంది, చాలామంది నేర్చుకుంటారు. మెట్ల అంచులకి రంగు టేపు అంటించండి. ఆయన కుడివైపు నుంచి చప్పుడు లేకుండా వెళ్లి పలకరించకండి, ఉలిక్కిపడతారు. కూర్చున్నప్పుడు మీరు ఎడమవైపే కూర్చోండి. మిగిలిన కంటికి దెబ్బ తగలకుండా పగలని పాలికార్బొనేట్ అద్దాలు పెట్టించండి, పవర్ లేకపోయినా సరే. బండి నడపడం కంటి డాక్టర్ చెప్పేదాకా వద్దు.

నీళ్ల సంగతికి ఒక చిన్న పద్ధతి ఉంది. చెంబు మూతిని ముందు గ్లాసు అంచుకి తాకించి, తాకిన చప్పుడు వినిపించాకే వంచమనండి. గ్లాసుని రెండో చేత్తో పట్టుకోవాలి. మొదటి రెండు రోజులు మీరూ ఆయన పక్కన కూర్చుని, ఒక కన్ను మూసుకుని అలాగే పోసి చూడండి, ఎంత కష్టమో మీకూ తెలుస్తుంది, మీకూ పక్కన పడతాయి, అది ఆయన చూస్తారు.